కోడిగుడ్డంత ఇంజిను

ఇంజిను కోడిగుడ్డు కన్నా పెద్దదేమీ కాదు. అరచేతిలో పెట్టుకుంటే ఇంకా చెయ్యి మిగిలింది. ముందు ఒక చెక్క రెక్క, నెత్తిమీద తిప్పడానికి చిన్న మర, పక్కన పొగ పోయే రంధ్రం. కనకయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆముదం, కిరసనాయిలు, వాటి మీద దవాఖానలో సూది పొడిచే ముందు దూది నుంచి వచ్చేలాంటి చల్లని ఘాటు.

"గిది డీజిలు ఇంజినా? పోరగాండ్లు ఆడుకునే సామాను లెక్కున్నది గద తమ్మీ," అన్నాడు.

దేవేందర్ మెడనరాలు ఉబ్బేలా ఏదో అరిచాడు.

"ఒర్రకు. గొంతు పోతది. మామూలుగ మాట్లాడు, పెదవులు కనవడితె సాలు."

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఆ షెడ్డులో సగం సాంచాలు ఆగిపోయి చాలాకాలమైంది. మిగిలిన సగం చేసే మోతకే కొత్తగా వచ్చినవాడి గుండె దడదడలాడుతుంది. అందులో పుట్టి పెరిగినవాళ్లకు మాట చెవితో పనిలేనిది. ఆ చివర నిలబడ్డ మల్లేశం 'బీడీ ఉన్నదా' అని పెదవి కదిపితే, ఈ చివర కనకయ్య జేబు తడుముకుంటాడు. యజమాని వాకిట్లో నిలబడి ఎవరి కూలి తగ్గించాలో గుమాస్తాతో గుసగుసలాడినా షెడ్డు మొత్తానికి తెలిసిపోతుంది.

దేవేందర్‌ది బీర్పూర్. తండ్రి ఓదెలు ఇప్పటికీ తాడిచెట్లు ఎక్కుతాడు. కొడుకు మాత్రం మోకు ముట్టకుండా గల్ఫ్‌కు పోయి, ఆడుకునే విమానాలు తయారుచేసే ఒక అరబ్బు సేఠ్ దగ్గర కుదిరాడు. సెలవు మీద వచ్చి, సాంచాలు బాగుచేసే మంచి చెయ్యి సిరిసిల్లలో ఎవరిదని అడిగితే, అడిగిన నలుగురూ కనకయ్య పేరే చెప్పారట.

"మా సేఠ్‌కు గివంటె పానం అన్నా. చేసుడు, అమ్ముడు, శుక్రారం అచ్చిందంటె ఎగిరేసుడు. రెండు తీగలు పట్టుకోని నడుమ నిలవడితె ఇమానం సుట్టూత తిరుగుతది. ఇప్పుడు మైదానం పొంటి బంగ్లాలు లేసినయి. చప్పుడుకు తక్లీబైతందని ఆళ్లు పోయి పోలీసులకు చెప్పిండ్రు. చప్పుడు తగ్గకుంటె మైదానం బందు. మైదానం బందైతె మేమంత ఇంటికే."

"బజార్ల సైలెన్సర్లు దొరకయా?"

"దొరుకుతయి. అవి ఏస్తె పొగ తన్నుకచ్చి ఇంజను ఉడికిపోతంది. లేకుంటె బలం తగ్గి ఇమానం కిందవడుతంది. మస్తు మందిని అడిగిండు సేఠ్. ఎవడు చప్పుడు బందు చేస్తె ఆనికి మెకానిక్ వీసా ఇస్తనన్నడు. పానాలు, స్క్రూడ్రైవర్లు పట్టుకునే పని, నీడ పట్టున."

మెకానిక్ అన్న మాట దేవేందర్ పెదవుల మీద రెండుసార్లు చూశాడు కనకయ్య. మొదటిసారి సరిగ్గా చదివానో లేదోనని, 'ఏందీ?' అని మళ్లీ అనిపించుకున్నాడు.

ఇంజినును సాంచా ఇనుప చట్రానికి బిగించి, చిన్న సీసాలోంచి నూనె పోసి, దేవేందర్ వేలితో రెక్కను ఒక్క తన్ను తన్నాడు. మూడో తన్నుకు అందుకుంది. రెక్క మాయమై దాని చోట గాలి మిగిలింది. చట్రం మీద పెట్టిన కనకయ్య అరచేతిలోకి తుమ్మెద దూరినట్టయింది. చెవిలో కూడా తుమ్మెదే, ఎక్కడో వడ్ల గుమ్మిలో ఇరుక్కున్న తుమ్మెద.

"ఐతది," అన్నాడు కనకయ్య. "జర టైమియ్యి."

ఐతదని అనక ఏమంటాడు? సర్కారు చీరల ఆర్డరు ఆగిపోయింది, బేళ్లు కదలడం లేదు. సాంచాలను తూకానికి అమ్మేస్తున్నానని యజమాని అప్పటికే ఇనుప సామాను వాళ్లను పిలిపించి కొలతలు చూపించాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషికి సాంచా తప్ప వేరే పని చేతకాదు. భార్య సత్యవ్వ చేసే బీడీలకు కంపెనీ వారంలో సగం రోజులే ఆకు ఇస్తోంది.

పాత సైకిల్ పంపు గొట్టాన్ని కోసి పైడొల్ల చేశాడు. లోపలికి మూలపడ్డ పంపు స్టౌ ఇత్తడి గొట్టం తీసుకుని, దాని ఒంటి నిండా జల్లెడలా సన్నని బెజ్జాలు వేశాడు. పొగ నేరుగా బయటికి ఉరకకుండా, బెజ్జాల్లోంచి డొల్లలోకి పోయి, అక్కడ తిరిగి అలిసి, చివరి సందులోంచి మెల్లగా పోవాలని అతని లెక్క. సందు చిన్నదైతే ఇంజిను ఉడుకుతోంది. ఉమ్ము వేలికి అద్ది ఇంజిను నెత్తిమీద పెట్టేవాడు. చుర్రుమని ఆవిరైతే ఆపేసి, సన్న ఆకురాయితో సందును వెంట్రుకవాసి పెద్దది చేసి మళ్లీ తిప్పేవాడు. నెత్తిమీది మరను పావు చుట్టు వదులు చేస్తే ఇంజిను తేలిగ్గా ఊపిరి తీసుకుంటోందని రెండో రోజుకు పట్టుకున్నాడు. ఉమ్ము చుర్రుమనడం మానేసింది. రెక్క తిరుగుడులో వడి తగ్గలేదు.

చెవిలో తుమ్మెద మాయమైంది.

మల్లేశాన్ని సైగచేసి పిలిచాడు. మల్లేశం వచ్చి ఇంజిను మీదికి వంగి, ఒక చెవి పెట్టి, రెండో చెవి పెట్టి, తిరుగుతున్న రెక్క వైపు అనుమానంగా చూసి పెదవులు కదిపాడు. 'నడుస్తందా? ఏం ఇనవస్తలేదు.'

'నడుస్తంది. చెయ్యి పెడితె తెగుతది,' అని కనకయ్య పెదవులు నవ్వాయి.

షెడ్డులో ఉన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెవిపెట్టి చూశారు. అందరూ తల అడ్డంగా ఊపారు. ఒకరు భుజం తట్టారు. దుబాయి పోతే అత్తరు సీసా తెమ్మని ఇంకొకరు చెప్పారు.

ఆ సాయంత్రం ఇంటి గడప మీద పలకకు ఇంజిను బిగించి సత్యవ్వకు చూపించాడు. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు చుడుతోంది. ఇంజిను అందుకోగానే చాట ఒళ్లోంచి జారి తంబాకు నేలపాలైంది. ఆమె చప్పున కొంగు మూతికీ ముక్కుకూ అడ్డంపెట్టుకుని, కళ్లు చిట్లించి, కొంగు వెనక ఏదో అన్నది. ఘాటు పడలేదని కనకయ్య అనుకున్నాడు. కొంగు వెనక మాట అతనికి కనపడలేదు.

జగిత్యాల ఖిల్లా బయట ఖాళీ జాగా ఉంది. పొద్దున్నే అక్కడికి దేవేందర్ విమానం తెచ్చాడు. మూరెడు రెక్కలు, చెక్క ఒళ్లు, మీద బిగుతుగా అంటించిన ఆకుపచ్చ కాగితం. తోకపట్టుకుని వదలడానికి తండ్రి ఓదెలును తెచ్చాడు. పనితనం చూడడానికి కోరుట్ల వీసా ఏజెంటు లక్ష్మీరాజం తన ఖర్చుతోనే వచ్చానని రెండుసార్లు చెప్పాడు. కనకయ్య వేములవాడ, కొడిమ్యాల మీదుగా బస్సులో, ఇంజినును తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. పక్కన కూర్చున్న ముసలామె కోడిపిల్లా అని అడిగితే ఔనన్నాడు.

ఇంజిను బిగించారు. దేవేందర్ తీగల పిడి పట్టుకుని నడుమ నిలబడ్డాడు. ఓదెలు వదిలాడు. విమానం నాలుగు బారలు దొర్లి లేచింది. దేవేందర్ చుట్టూ, కట్టుకొయ్య చుట్టూ తిరిగే కోడెదూడలా తిరగసాగింది.

కనకయ్యకు ఆకుపచ్చ రెక్కల మీద ఎండ మెరవడం తప్ప ఇంకేమీ లేదు. ఎంత నిమ్మళంగా ఉందో లోకం! అతని మొఖం మీదికి నవ్వొచ్చింది. పెళ్లినాటి ఫోటోలో నవ్వు అది. దాంతోటే లక్ష్మీరాజం వైపు తిరిగాడు.

లక్ష్మీరాజం మొఖం చిట్లించుకుని ఉన్నాడు. ఓదెలు రెండు అరచేతులతో చెవులు మూసుకుని కూలబడ్డాడు. ఖిల్లా గోడ బొక్కల్లోంచి చిలకలు గుంపుగా లేచిపోతున్నాయి. కందకం అవతల మేకలు తలో దిక్కు చెదిరిపోతే, వాటిని కాసే ఆడమనిషి కర్ర ఊపుతూ తిడుతోంది. దూరమైనా ఆమె పెదవులు స్పష్టంగా ఉన్నాయి. 'ఏం పాడు మోతరా ఇది, మీ చేతులు పడిపోను!'

మోత. ఆ మాట రెండోసారి కూడా చదివాడు కనకయ్య. నవ్వు మొఖం మీద అట్లాగే ఉండిపోయింది, తియ్యడం తెలియక.

నూనె అయిపోయి విమానం దిగింది. దేవేందర్ పిడి కిందపడేసి వచ్చాడు.

"గిదేనానే అన్నా నువ్వు చేసింది? ఈ జాగల ఉన్నదానికి, లేనిదానికి ఏం ఫరకున్నది?"

"నాకైతె..." అన్నాడు కనకయ్య. "షెడ్డుల అందరు ఇన్నరు. ఎవ్వలకు ఇనవడలే."

"షెడ్డుల?" దేవేందర్ నెత్తి కొట్టుకున్నాడు. "సాంచాల నడుమ పెట్టి ఇన్నవా? సాంచాల మనుషులకు ఇనవెట్టినవా?"

అంతలో దేవేందర్ కళ్లు కనకయ్య భుజం మీదుగా వెనక్కి పోయాయి. ఓదెలు కళ్లు కూడా. కనకయ్య తిరిగి చూశాడు. లక్ష్మీరాజం అతని చెవి వెనక, జానెడు దూరంలో, తాళం చేతుల గుత్తిని పెళ్లిలో గంటలా ఊపుతున్నాడు. ఎంతసేపటి నుంచి ఊపుతున్నాడో.

"ఇనవడలేదా మేస్త్రీ?" లక్ష్మీరాజం నవ్వాడు. "చెవిటాయినెకు చప్పుడు తగ్గించే గుత్త ఇచ్చినవ్ గదరా దేవా! నీ అంత తెలివి ఎవ్వనికుంటది!"

దేవేందర్‌కు కూడా నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు. ఓదెలు మాత్రం లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ, "నవ్వకుండ్రి," అన్నాడు. కనకయ్య ఎదురుగా వచ్చి నిలబడి, పిల్లవాడికి చెప్పినట్టు ఒక్కో మాట విడిచి చెప్పాడు. "మోత తగ్గింది తమ్మీ, లేదనను. బుర్రుమనేది పోయింది. సన్నటి కీచున్నది సూడు, గది పోలే. పంటి నరంల సూది గుచ్చినట్టున్నది. నీకు గా సన్నటిది అందుతలేదు."

"నేను పోయేది బేస్తారం," అన్నాడు దేవేందర్, నవ్వు దిగిపోయి. అతని మొఖంలో ఇప్పుడు భయం ఉంది. ఆ పని పోతే అతనూ మళ్లీ తాడిచెట్టు కిందికే. "మంగళారం కోరుట్లకు పట్టుకరా. ఐతె ఐనట్టు. కాకుంటె నా నసీబు."

తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు లారీ ఆగి ఉంది. సాంచాలను కట్టర్లతో ముక్కలు కోసి తూకం మీద పడేస్తున్నారు. కనకయ్య పదిహేనేళ్లు నడిపిన సాంచా నాలుగు కాళ్లూ విడిపోయి ఉంది. ఇనుము ఇనుము మీద పడుతుంటే కాళ్ల కింద నేల అదురుతోంది, చెవుల్లో ఏదో మెత్తగా, గోనెసంచి పడ్డట్టు. ఇంతకు ముందైతే అది అంతే అనుకునేవాడు. ఇప్పుడు కూలీల మొఖాలు చూశాడు. ముక్క పడ్డప్పుడల్లా వాళ్లు కళ్లు మూసుకుంటున్నారు.

వంగి, తూకం రాని చెత్తకుప్పలోంచి తోలుపట్టీలు ఏరుకున్నాడు. నూలు కండెతో అటూ ఇటూ ఉరికే నాడె వచ్చి తగిలే చోట దెబ్బ మింగడానికి వేసే పట్టీలు. ఎందుకో తెలియదు. చేతులకు ఏదో ఒకటి కావాలి.

ఇంట్లో సత్యవ్వ అన్నం పెట్టింది. కనకయ్య కంచం ముట్టకుండా ఆమె మొఖమే చూస్తూ కూర్చున్నాడు.

"ఏంది, కొత్తగ జూస్తున్నవ్?"

"ఒకటడుగుత. నువ్వు నాతోని ఒర్రుతున్నవా, మామూలుగ మాట్లాడుతున్నవా?"

సత్యవ్వ చెయ్యి గంజిగిన్నె మీద ఆగింది. "ఒర్రుతున్న."

"ఎన్నేండ్ల సంది?"

"గయన్ని లెక్కపెట్టుకుంటరా? నా గొంతు చినిగిపోయింది గని." గిన్నె పక్కకు జరిపింది. "పక్కింటి లచ్చవ్వ అడుగుతది, మీ ఆయినెతోని ఎప్పుడు కయ్యమేనా అని."

ఈ మధ్య పెళ్లాం గయ్యాళి అయ్యిందని కనకయ్య మల్లేశంతో అన్నాడు కూడా. మొఖంలో నరాలు లేపకుండా ఒక్క మాట అనదని. ఆమె నరాలు ఎందుకు లేపుతోందో ఇద్దరు మగవాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

"గడప మీద ఇంజను పెట్టిన్నాడు, కొంగు అడ్డం పెట్టుకోని ఏమన్నవ్?"

"చెవులల్ల సూదులు గుచ్చుతున్నయన్న. నువ్వు నవ్వుకుంట నిలవడ్డవ్. అంత సంబురంగ ఉన్నోనికి మల్లేం జెప్పాలె?"

కనకయ్య కంచం ముందుకు లాక్కుని నాలుగు ముద్దలు తిన్నాడు. నీళ్లు తాగి అన్నాడు. "రేపు నాతోని మానేరుకు రా. చాట పట్టుకోని రా. నీ చెవులు గావాలె."

మానేరు వాగు ఇసుకలో, మనుషులు లేని చోట, తుమ్మకంప నీడలో సత్యవ్వ కూర్చుంది. కనకయ్య పలకను రాళ్ల నడుమ ఇరికించి ఇంజిను బిగించాడు. ఆమె ఆకు కత్తిరిస్తూ వినాలి. గుచ్చితే చెయ్యి పైకి లేపాలి. తగ్గితే దించాలి.

మొదట చెయ్యి నెత్తి దాటి లేచింది.

సన్న ఇనుప జాలీని ముద్దచేసి డొల్లలో కూరాడు. చెయ్యి భుజం దాకా దిగింది. గాలి పీల్చే మూతికి గుడ్డ చుట్టి చూశాడు. ఇంజిను దగ్గి ఆగిపోయింది. గుడ్డ తీసి ఆ మూతికి కూడా చిన్న డొల్ల తొడిగాడు. చెయ్యి ఇంకాస్త దిగింది. రెక్క మార్చి, వెడల్పుగా ఉండి మెల్లగా తిరిగేదాన్ని వేశాడు.

"ఇప్పుడెట్లున్నది?"

"ఇంతకుముందు సూది. ఇప్పుడు దబ్బనం. మొద్దువడ్డది గని ఉన్నది."

ఆమె మాటలతోనే కొలత కట్టుకున్నాడు. తడిబట్ట పిండినట్టు, గాజు మీద గోరు గీసినట్టు, మూకుట్లో ఆవాలు చిటపటమన్నట్టు. తనకు అందని చప్పుళ్లన్నిటికీ ఆమె దగ్గర పేర్లున్నాయి. కనకయ్య తలవంచి వింటూ, ఆవాలు చిటపటమనడం తను ఆఖరిసారి ఎప్పుడు విన్నాడో యాది చేసుకోబోయి మానుకున్నాడు.

మధ్యాహ్నం, దేవేందర్‌ను అడిగి తెచ్చుకున్న విమానం ఒంటికి బిగించి తిప్పితే మళ్లీ చెయ్యి లేచింది. కనకయ్యకు మతిపోయింది. అదే ఇంజిను, అదే గొట్టం.

సత్యవ్వ చాట పక్కన పెట్టి వచ్చి, ఇంజిను నడుస్తుండగానే విమానం కాగితపు రెక్క మీద అరచెయ్యి ఆనించింది. తీసింది. మళ్లీ ఆనించింది.

"గొట్టంల నుంచి అస్తలేదయ్యా. ఈ కాయితంల నుంచి అస్తంది. డప్పు లెక్క మోగుతంది. చెయ్యి పెడితె ఆగుతంది, తీస్తె మోగుతంది."

కనకయ్య ఒక్క క్షణం ఆమె చేతి వైపు చూశాడు. తర్వాత సంచిలో వెతికి తోలుపట్టీలు తీశాడు. నాడె దెబ్బ మింగినట్టే ఇంజిను దెబ్బనూ మింగాలి. ఇంజినుకూ చెక్కకూ నడుమ తోలు, బిగించే మరల నెత్తుల కింద తోలు, ఎక్కడా ఇనుము చెక్కను ముట్టుకోకుండా. బిగించి వేలితో తన్నాడు.

సత్యవ్వ చెయ్యి లేవలేదు. ఆమె బీడీ మూతి మడుస్తూనే ఉంది.

"నడుస్తందా?" అని అడిగింది తల ఎత్తి. అచ్చం మల్లేశంలాగే. కానీ ఈసారి అడిగింది సరైన చెవి.

"పప్పు ఉడికినట్టున్నది, అంతే," అన్నది.

నీళ్ల దగ్గరికి పోయి చేతులు కడుక్కుంటున్నాడు. ఇసుక తీసి నూనె మరకల మీద రుద్దుకుంటున్నాడు. అప్పుడు వెనక నుంచి ఏదో తగిలింది. చెవికి తగిలిందో, మెడకు తగిలిందో. నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు మందంగా, గుండ్రంగా. తిరిగి చూస్తే సత్యవ్వ చాట చంకన పెట్టుకుని, దొంగతనం పట్టుబడ్డ మొఖంతో ఉంది.

"ఏమన్నవ్?"

"ఏమనలే."

"నా పేరు వెట్టి పిలిచినవ్."

పెళ్లయిన నాటి నుంచి ఆమె మొగుడి పేరు నోట పలకలేదు. రేషన్ దుకాణంలో అడిగినా కార్డు చూపించేది. "ఇనవడుతదో లేదో అని సూసిన," అన్నది, మొఖమంతా ఎరుపెక్కి. "ముందుగాల 'ఓ చెవిటోడా' అన్న. తిరగలే. 'బట్టతలోడా' అన్న, తిరగలే. ఇగ ఇనడని గదన్న."

"గదే ఇనవడ్డది," అన్నాడు కనకయ్య. నీళ్లలో కూర్చుండిపోయి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆమె గొంతు ముందు నుంచీ మందమే. ఆ మందం వల్లే అతనికి ఆ గొంతు ఇంకా కాస్త మిగిలింది.

మంగళవారం కోరుట్లలో, పసుపు తవ్వేసిన చేనులో విమానం ఎగిరింది. సత్యవ్వ కూడా వచ్చింది. ఆమె లేకుండా పోనని కనకయ్య మొండికేశాడు. ఈసారి అతను విమానం వైపు చూడలేదు. మొఖాలు చూశాడు. గట్టు మీద తెల్లకొంగ లేవలేదు. లక్ష్మీరాజం ఫోను మాట్లాడుతూ మాట్లాడుతూ తలెత్తి చూసి, మాట్లాడడం ఆపలేదు. దేవేందర్ పిడి పట్టుకుని గిరగిర తిరుగుతూ పళ్లన్నీ బయటపెట్టాడు.

"అన్నా! నీ చేతులకు దండం!" దిగగానే వచ్చి కనకయ్యను కావలించుకున్నాడు. ఆ సంతోషం నిజమైనదే. వీడియో తీశాడు, గొట్టం విప్పి లోపలా బయటా ఫోటోలు తీశాడు, తోలుపట్టీల ఫోటో తీశాడు. అన్నీ సేఠ్‌కు పంపాడు.

జవాబు కోసం బస్టాండు ఎదుట ఛాయ్ హోటల్‌కు చేరారు. లోపల ఉక్కగా ఉందని కనకయ్య రోడ్డు ఇవతల వేపచెట్టు అరుగు మీద కూర్చున్నాడు. జేబులో ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు ఉంది. మధ్యమధ్య బయటి నుంచే తడిమి చూసుకుంటున్నాడు. దేవేందర్, లక్ష్మీరాజం హోటల్ ముందు బల్ల మీద ఉన్నారు. సత్యవ్వ సీసాలో నీళ్లు పట్టుకోవడానికి వాళ్ల వెనక ఉన్న కుండ దగ్గరికి పోయింది.

దేవేందర్ ఫోను చెవికి పెట్టుకుని విన్నాడు. అతని భుజాలు కిందికి జారాయి. లక్ష్మీరాజం ఏమైందన్నట్టు గడ్డం ఎత్తాడు.

నడుమ ఒక ట్రాక్టరు పోయింది. పోయాక దేవేందర్ పెదవులు కనిపించాయి.

'గొట్టం బాగున్నదట. ఫోటోలు జూసి ఆడనే చేయించుకుంటడట. ఇగ మనిషెందుకు అంటుండు.'

'మరి ఈనెకు మాటిచ్చినవ్ గద?'

'ఇంజిన్లు తిప్పే అర్రల పనున్నదట. కొత్త ఇంజిన్లు అమ్మే ముందు పొద్దుగాల్నుంచి పొద్దుమీకిదాక తిప్పాలె. సైలెన్సర్లు ఆఖరుకు బిగిస్తరు, అర్రల ఉండయి. తలుపులు మూసి పదీ పదిహేను ఒక్కపారే నడుస్తయి. మా ఊరి పోరడు రెండు నెల్లు చేసి, చెవులల్ల చీము పట్టి పారిపోయచ్చిండు. ఎవ్వలు నిలుస్తలేరు.'

లక్ష్మీరాజం ఛాయ్ ఊదుకుని ఒక గుటక తాగాడు. 'ఈనెకు ఎట్లాగు చెవులు లెవ్వు గద. గీయినెకంటె మంచోడు దొరుకుతడా?'

'పాపం గాదె మామా?'

'పాపమైతె పిలిచి చెప్పు. ఇండ్ల కూసుంటడు. ఏం తింటడు? మెకానిక్ అనే చెప్పు. ఆడికి పోయినంక ఏ పనైతేంది.'

దేవేందర్ వేళ్లు బల్ల మీద నీటిచుక్కను అటూ ఇటూ తోశాయి. తర్వాత తల ఊపాడు.

వాళ్ల వెనక కుండ దగ్గర సత్యవ్వ నిలబడి ఉంది. సీసా నిండి నీళ్లు పొంగి ఆమె కాళ్ల మీద పడుతున్నాయి. ఆమె చూసుకోవడం లేదు.

కనకయ్య తల తిప్పి బస్సుల వైపు చూడసాగాడు. ఏదో బస్సు బోర్డు చదివాడు, ఏ ఊరో గుర్తు లేదు. జాలీ, తోలుపట్టీలు, ఆమె చెయ్యి లేవడం, దిగడం. ఇవన్నీ అయ్యాక అతనికి అమ్ముడుపోయేది ఆ జగిత్యాల ఎండలో నవ్వులపాలైన చెవులే. మిగిలిన ఆ కొంచెం వినికిడి కూడా ఆ తలుపులు మూసిన అర్ర తింటుంది. ఎన్నాళ్లకు తింటుందో మాత్రం తెలియదు.

దేవేందర్ రోడ్డు దాటి వచ్చాడు. మొఖం మీద నవ్వు తెచ్చుకున్నాడు గానీ, కళ్లు కనకయ్య చొక్కా గుండీల దగ్గరే ఆగాయి. "ఖాయమైందన్నా!" అని గట్టిగా అన్నాడు, గట్టిగా అనక్కరలేదని తెలిసీ. "మెకానిక్ పనే. పాస్‌పోర్టియ్యి."

కనకయ్య అతని పెదవుల మీద ఆ మాటను మూడోసారి చూశాడు. అదే మాట, అవే పెదవులు. అడగొచ్చు. అడిగితే ఆ పిల్లవాడు అరుగు మీద కూలబడి నిజం చెప్పేసేటట్టే ఉన్నాడు. చెబితే ఏమవుతుంది? పాస్‌పోర్టు తన జేబులోనే ఉంటుంది. షెడ్డులో సాంచా నాలుగు కాళ్ల గుర్తులుంటాయి.

"ఏసీ ఉంటదా తమ్మీ?" అని అడిగాడు.

"ఆఁ... ఉంటదన్నా," అన్నాడు దేవేందర్.

కనకయ్య ప్లాస్టిక్ కవరు తీసి అతని చేతిలో పెట్టాడు.

కథలాపూర్ మీదుగా పోయే బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. సత్యవ్వ కిటికీ పక్కన కూర్చోబోతే, గాలి కావాలని కనకయ్య అక్కడ కూర్చున్నాడు. బస్సు ఊరు దాటింది. ఆమె కాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, మట్టి అంటుకుంది.

"మెకానిక్ పనేనట," అన్నాడు ఆమె అడగకముందే. "నీడ పట్టున. నెలకోపారి వీడియోల మాట్లాడుకుందాం. పెదవులు జూస్తె నాకు సమజైతది. నువ్వు ఒర్రుడు తప్పుతది ఇగ."

కండక్టరు వచ్చాడు, చిల్లర ఇచ్చాడు, పోయాడు. సత్యవ్వ కనకయ్య వైపు పూర్తిగా తిరిగింది. బస్సు నిండా జనం ఉన్నారని కాబోలు, అరవలేదు. సాంచాల షెడ్డులో ఒక్కనాడూ పనిచెయ్యని మనిషి, షెడ్డు మనుషుల్లాగే, గొంతు లేకుండా, పెదవులు విప్పి విప్పి అన్నది.

'నేను ఇన్న. ఆళ్ల ఎన్కనే ఉన్న.'

కనకయ్య రెప్ప వాల్చలేదు.

'పోకు.'

రెండు పెదవులు కలిసి, విడిపోయి, గుండ్రంగా ముందుకు వచ్చే మాట. ఎంత దూరం నుంచైనా తప్పు చదవలేని మాట.

కనకయ్య మొఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. మొక్కజొన్న చేలు వెనక్కి పోతున్నాయి. మడిలో ఎవరో ట్రాక్టరు దున్నుతున్నారు, చప్పుడు లేకుండా. చూడకపోతే ఇక మాట లేనట్టే. ఇన్నేళ్లలో చెవిటితనం అతనికి అక్కరకు రావడం ఇదే మొదలు.

కాసేపటికి మెడ వెనక ఏదో తగిలింది. మందంగా, గుండ్రంగా, నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు. బస్సులో అందరూ వినేలా, పెళ్లాం మొగుణ్ని పేరు పెట్టి పిలుస్తోంది. ముందు సీట్లో ఒకావిడ వెనక్కి తిరిగి వింతగా చూసింది.

"కనకయ్యా!"

అతనికి వినపడింది. తిరగలేదు.